పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల ఫోన్ ఎలా సర్దాలి

పోయిన వేసవిలో మా నాన్న ఖాతాలోంచి 46,000 రూపాయలు పోయాయి. మంగళవారం సాయంత్రం 36,000, గురువారం పొద్దున ఇంకో 10,000. నాకు తెలిసింది శుక్రవారం. అదీ ఆయన చెప్పలేదు. ఎరువుల కొట్లో డబ్బులు కట్టబోతే ఖాతాలో లేవన్నారని అమ్మ మాటల్లో బయటపడింది. ఆ మూడు రోజులూ నాన్న ఫోన్ సైలెంట్‌లో పెట్టి బీరువాలో పడేసి, అన్నం సరిగ్గా తినకుండా తిరిగారట. గురువారం ఓటీపీ దొంగ చేతికి వెళ్లింది ఆ బీరువాలో ఉన్న ఫోన్‌లోంచే. ఎందుకు చెప్పలేదని అడిగితే "నువ్వు తిడతావని" అన్నారు.

నిజమే, తిట్టేవాణ్ణే. ఫోన్ చేసినప్పుడల్లా "లింకులు నొక్కొద్దని చెప్పానా లేదా" అనడమే అప్పటిదాకా నేను నేర్పిన భద్రత. ఆ మాట ఆయన్ని నొక్కకుండా ఆపలేదు. నొక్కాక నాకు చెప్పకుండా మాత్రం ఆపింది.

జరిగింది మీకూ తెలిసిన కథే. ఊరి వాట్సాప్ గ్రూపులో, తెలిసినాయన నంబర్ నుంచే "పీఎం కిసాన్ ఈకేవైసీ" అని ఒక ఏపీకే ఫైలు (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో యాప్ ఎక్కించేది) వచ్చింది. ఆయన పంపలేదు, అప్పటికే ఆయన ఫోన్‌లో దూరిన యాప్ పంపింది. 2,000 రూపాయల విడత ఆగిపోతుందేమోనని నాన్న దాన్ని ఇన్‌స్టాల్ చేసి, అడిగిన చోటల్లా కార్డు వివరాలు నింపారు. మెసేజ్‌లు చదివే అనుమతి కూడా ఇచ్చారు. ఇక ఓటీపీ ఎవరికీ చెప్పక్కర్లేదు, యాప్ దానంతటదే పంపించేస్తుంది. "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అన్న పాత జాగ్రత్త ఇక్కడ పనిచేయదు. నాన్న నిజంగానే ఎవరికీ చెప్పలేదు.

ఈ సంక్రాంతికి వెళ్లి రెండు పూటలు కూర్చున్నాం. మేం చేసిన వరుసలోనే చెబుతాను. మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

1. ముందు మాట, తర్వాత ఫోన్

ఫోన్ లాక్కోకండి. పెద్దవాళ్ల పక్కన కూర్చోండి, ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి, నొక్కేది వాళ్లే అయి ఉండాలి. మనం పది నిమిషాల్లో చేసేది గంట పడుతుంది, పట్టనివ్వండి. మనమే అన్నీ మార్చేసి వచ్చేస్తే, వారానికే ఎవడో ఏదో అడిగాడని వాళ్లు మళ్లీ ఆన్ చేసేస్తారు. ఎందుకు ఆపామో వాళ్లకు తెలియదు కదా.

ఒక ఒప్పందం చేసుకోండి: డబ్బు పోయినా, పోయిందేమోనని అనుమానం వచ్చినా వెంటనే చెప్పాలి, తప్పెవరిదనే మాట వారం దాకా ఎవరూ ఎత్తకూడదు. ఇది ఊరికే చెబితే నమ్మరు. మీరు చేసిన పొరపాటు ఒకటి చెప్పండి. నకిలీ కొరియర్ మెసేజ్ నమ్మి 25 రూపాయలు కట్టబోయి నా కార్డు వివరాలన్నీ ఇచ్చేసిన సంగతి నేను చెప్పాను. కంప్యూటర్ ఉద్యోగం చేసే కొడుకు కూడా పడ్డాడని తెలిశాక నాన్న మొహంలో ఎంత సంతోషమో!

2. డబ్బుని రెండు ఖాతాలు చేయండి

ఈ ఒక్కటీ చేసి మిగతావన్నీ వదిలేసినా సగం టెన్షన్ తగ్గుతుంది. మోసం ఎన్ని రకాలుగా వస్తుందో మనం ముందే ఊహించలేం. పోతే ఎంత పోవాలి అన్నది మాత్రం ముందే నిర్ణయించుకోవచ్చు.

ఒకటి చిల్లర ఖాతా. యూపీఐ, డెబిట్ కార్డు దీనికే. నెల ఖర్చుకు మించి ఇందులో ఉండకూడదు. రెండోది పంట డబ్బు, పెన్షన్ మిగులు, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉండే పెద్ద ఖాతా. దీనికి మొబైల్ బ్యాంకింగ్, నెట్ బ్యాంకింగ్ వద్దు, వీలైతే డెబిట్ కార్డు కూడా వద్దు. నెట్ బ్యాంకింగ్ ఉంటే చాలా బ్యాంకుల్లో డిపాజిట్ కూడా ఆన్‌లైన్‌లోనే పగలగొట్టొచ్చు. డబ్బు కావాలంటే బ్రాంచికి వెళ్లి, ఫారం నింపి, లైన్లో నిలబడి తెచ్చుకోవాలి. అది ఇబ్బందే. ఆ ఇబ్బందే తాళం.

ఇక్కడ చాలామంది వదిలేసేది ఫోన్ నంబర్. రెండు ఖాతాలకూ ఒకే నంబర్ ఇస్తే గోడ కట్టి తలుపు తీసి పెట్టినట్టే. యూపీఐ యాప్‌లో బ్యాంకు పేరు ఎంచుకోగానే ఆ నంబర్‌తో ముడిపడిన ఖాతా కనిపిస్తుంది. డెబిట్ కార్డు చివరి ఆరంకెలు, గడువు తేదీ, ఓటీపీ ఉంటే కొత్త పిన్ పెట్టేయొచ్చు. అందుకని పెద్ద ఖాతాకి వేరే నంబర్ ఇవ్వండి. మా ఇంట్లో అమ్మ దగ్గర పాత కీప్యాడ్ ఫోన్ ఉంది. నాన్న పేరు మీద ఇంకో సిమ్ తీసి అందులో వేశాం, బ్రాంచికి వెళ్లి పెద్ద ఖాతాకి ఆ నంబర్ మార్పించాం. బ్యాంకు మెసేజ్‌లు దానికే వస్తాయి. అందులో ఏపీకే ఎక్కదు, వాట్సాప్ లేదు. పక్కింటివాళ్లు నవ్విన డబ్బా ఫోనే ఇప్పుడు మా ఇంటి లాకర్.

కార్డు సంగతి. ఏ లావాదేవీలకు వాడాలో, ఎంత వరకు వాడాలో ఆన్, ఆఫ్ చేసుకునే వీలు ఇవ్వాలని ఆర్‌బీఐ 2020లోనే బ్యాంకులకు చెప్పింది. విదేశీ లావాదేవీలు ఆఫ్ చేయించండి. ఆన్‌లైన్ వాడకం లేకపోతే అదీ ఆఫ్. ఏటీఎం పరిమితి 5,000కో 10,000కో దించండి.

టీ కొట్టుకీ కూరగాయలకీ యూపీఐ లైట్ పెట్టొచ్చు. ఒక్కో చెల్లింపు 1,000, అందులో ఉంచే మొత్తం 5,000 దాటదు, పిన్ అడగదు. పిన్ అడగకపోవడమేమిటని బాబాయ్ నాతో పెద్ద వాదన వేసుకున్నాడు. నా లెక్క వేరు: సంతలో నలుగురి ముందు రోజుకి పదిసార్లు అసలు పిన్ కొట్టడం కంటే, పోతే 5,000తో పోయేది నయం. స్క్రీన్ లాక్ మాత్రం తప్పనిసరి.

3. ఫోన్‌లో మార్చాల్సినవి

అన్నిటికంటే ముందు ఏపీకే దారి మూసేయండి. సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట "అన్‌నోన్ యాప్స్" అని కొడితే, తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఎవరెవరికి ఉందో జాబితా వస్తుంది. వాట్సాప్, క్రోమ్, టెలిగ్రామ్, ఫైల్స్, అన్నిటికీ ఆఫ్ చేయండి. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. పెళ్లి శుభలేఖ ఏపీకే, ట్రాఫిక్ చలానా ఏపీకే, బ్యాంకు కేవైసీ ఏపీకే అని రకరకాల పేర్లతో వస్తున్నాయి. నాన్నకి ఒకటే చెప్పాను: శుభలేఖ అయితే ఫొటోగానో వీడియోగానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని అడిగేది శుభలేఖ కాదు.

తర్వాత అదే సెట్టింగ్స్‌లో పర్మిషన్ మేనేజర్‌కి వెళ్లి ఎస్ఎంఎస్ అనుమతి ఎవరికుందో చూడండి. మెసేజ్‌ల యాప్, ఫోన్ యాప్, మీరు వాడే యూపీఐ, బ్యాంకు యాప్‌లు ఉంటే సరే. టార్చిలైటుకి, రాశిఫలాలకి మెసేజ్‌లతో పనేంటి? తీసేయండి. సెట్టింగ్స్‌లోనే యాక్సెసిబిలిటీ అనే చోట తెలియని యాప్ ఏదైనా ఆన్‌లో ఉంటే అది ఇంకా ప్రమాదం. తెర మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు నొక్కగలదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి తెర పంచుకునే యాప్‌లు వాటంతటవి చెడ్డవి కావు, కానీ ఊళ్లో ఉన్న నాన్న ఫోన్‌లో వాటికి పని లేదు.

వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి, లింక్డ్ డివైసెస్‌లో తెలియని కంప్యూటర్ ఉంటే లాగౌట్ చేయండి, ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లో చేర్చకుండా "మై కాంటాక్ట్స్" పెట్టండి. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో నాన్న పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూసుకోవచ్చు, మనది కానిది ఉంటే అక్కడే చెప్పొచ్చు.

సిమ్‌కి పిన్ పెట్టమని చాలామంది చెబుతారు. ఫోన్ దొంగిలించినవాడు సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసుకోకుండా ఆపేది అదొక్కటే, మంచి సలహా. నేను మాత్రం నాన్నకి పెట్టలేదు. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ లాకైపోయి, తెరవడానికి పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది. ఫోన్ స్విచాఫై ఆన్ అయిన ప్రతిసారీ పిన్ ఏంటని నాకు కాల్ చేయాలి, చేయడానికి ఫోనే ఉండదు! మీవాళ్లకు గుర్తుంటుందనుకుంటే పెట్టండి.

4. వేలిముద్ర సంగతి

పిన్ పోతే మార్చుకుంటాం. వేలు ఎక్కడ మార్చుకుంటాం? రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు తయారుచేసి సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన కేసు 2018లో తెలంగాణలోనే బయటపడింది. ఆధార్‌తో పనిచేసే ఏఈపీఎస్‌లో కార్డు, ఓటీపీ లేకుండా వేలిముద్రతో డబ్బు తీయొచ్చు కాబట్టి, దొంగముద్ర దొరికితే ఖాతా తెరిచినట్టే.

ఆధార్ యాప్‌లోనో, ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లోనో బయోమెట్రిక్ లాక్ చేస్తే ఇది ఆగుతుంది. కానీ రేషన్ షాపులో వేలు పెట్టేదీ, కొన్నిచోట్ల పెన్షన్‌కి వేలు పెట్టేదీ అదే బయోమెట్రిక్. లాక్ తీయకుండా వెళ్తే ముద్ర పడక తిరిగి రావాలి. నెలనెలా తీసి, మళ్లీ వేసే ఓపిక ఇంట్లో ఎవరికైనా ఉంటే లాక్ చేయండి. లేకపోతే పెద్ద ఖాతాకి ఏఈపీఎస్ ఆపే వీలుందేమో బ్రాంచిలో అడగండి. జిరాక్స్ ఇవ్వాల్సిన చోట, వాళ్లు ఒప్పుకుంటే, మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

5. మాటలు నేర్పకండి, ఆడి చూపించండి

పది జాగ్రత్తలు చెబితే ఒక్కటీ గుర్తుండదు. నేను మూడే చెప్పాను. డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, పిన్ అడిగితే డబ్బు పోతోందని అర్థం. వీడియో కాల్‌లో అరెస్టు అనేది మన చట్టంలోనే లేదు, పోలీసైనా, సీబీఐ అయినా, కస్టమ్స్ అయినా. ఎవడైనా "ఫోన్ పెట్టొద్దు, ఇంట్లో చెప్పొద్దు" అంటే ఆ మాట పూర్తి కాకముందే పెట్టేయాలి.

తర్వాత నేను పక్క గదిలోకి వెళ్లి నాన్నకి కాల్ చేశాను, కరెంటాఫీసు నుంచి మాట్లాడుతున్నానని. బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రి తొమ్మిదికి లైను కట్ చేస్తాం అన్నాను. నా గొంతని తెలిసి కూడా మొదటిసారి నాన్న "ఆగండి సార్, కళ్లజోడు తెచ్చుకుంటా" అన్నారు. రెండోసారి కొంచెం తడబడి పెట్టేశారు. మూడోసారి అమ్మ ఫోన్ లాక్కుని మరీ తిట్టింది. మర్యాదగా పెంచిన మనుషులకి ఎదుటివాడు మాట్లాడుతుంటే ఫోన్ పెట్టేయడం అవమానంలా ఉంటుంది. అందుకే అభ్యాసం కావాలి.

గొంతు కూడా నకిలీ చేస్తున్న రోజులు. "నాన్నా, యాక్సిడెంట్ అయింది, వెంటనే డబ్బు పంపు" అని మీ గొంతుతోనే కాల్ రావచ్చు. ఇంట్లోవాళ్లకి మాత్రమే తెలిసిన మాట ఒకటి అనుకోండి. పాత పాడి గేదె పేరో, చిన్నప్పటి ముద్దుపేరో చాలు. సోషల్ మీడియాలో ఎక్కడా ఉండకూడదంతే.

బ్యాంకు నుంచే వచ్చిందో లేదో చూడటానికి రెండు గుర్తులు చెప్పొచ్చు. బ్యాంకుల సర్వీసు కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు, బ్యాంకు వెబ్‌సైట్ల చిరునామాలు బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసేలా ఆర్‌బీఐ మార్పించింది. అయినా అనుమానం వస్తే నంబర్ చూస్తూ కూర్చోకుండా, కాల్ పెట్టేసి పాస్‌బుక్ మీదో కార్డు వెనకో ఉన్న నంబర్‌కి మనమే చేయడం మేలు.

6. భోజనాల దగ్గర వచ్చే గొడవ: తప్పెవరిది?

ఇది మీ ఇంట్లోనూ వస్తుంది, సిద్ధంగా ఉండండి. మా బావ మాట: "నొక్కింది మామయ్య, నింపింది మామయ్య, బ్యాంకేం చేస్తుంది?" బాబాయ్ మాట: "నెలకి మూడు వేలు దాటి తీయని మనిషి ఖాతాలోంచి ఒక్క సాయంత్రం 36,000 పోతుంటే బ్యాంకు కంప్యూటర్‌కి అనుమానం రాదా?" ఇద్దరూ సగం సగం సరైనవాళ్లే. మన పెద్దవాళ్లు బ్యాంకుకి వెళ్తే వినిపించేది మాత్రం మొదటి సగమే. అందుకే 2017 జూలైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ఏమందో తెలిసి ఉండాలి.

తప్పు మనదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో వ్యవస్థలో ఎక్కడో జరిగింది, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో చెప్పాం: మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే, మామూలు సేవింగ్స్ ఖాతాకి మన నష్టం 10,000 దాటకూడదు. తప్పు బ్యాంకుదే అయితే మనం చెప్పినా చెప్పకపోయినా భారం వాళ్లదే. కార్డు వివరాలు మనమే ఇచ్చామా, చెప్పేదాకా పోయిందంతా మనది, చెప్పిన తర్వాత పోయిందంతా బ్యాంకుది. తప్పు కస్టమర్‌దని రుజువు చేయాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే.

కార్డు వివరాలు మనమే ఇచ్చిన సంగతి మా ఇంటికి సూటిగా తగిలింది. మంగళవారం పోయిన 36,000 ఎలాగూ నాన్న నెత్తినే పడేది. ఆ రాత్రే ఫిర్యాదు చేసి ఉంటే గురువారం పోయిన 10,000 బ్యాంకు భరించాలి. నేను తిడతానన్న భయం ఖరీదు అక్షరాలా పదివేలు. ఆ లెక్క చూశాక ఇంట్లో తప్పెవరిదన్న చర్చలో నా గొంతు కొంచెం తగ్గింది.

మోసగాడి మాట నమ్మి తన చేత్తోనే పిన్ కొట్టి పంపిస్తే మన దేశంలో ఆ డబ్బు తిరిగి రావడం ఇంకా కష్టం. బ్రిటన్‌లో 2024 అక్టోబర్ 7 నుంచి అలా మోసపోయినవాళ్లకి 85,000 పౌండ్ల వరకు డబ్బు తిరిగివ్వాలని నిబంధన పెట్టారు. ఆ ఖర్చు పంపిన సంస్థ, అందుకున్న సంస్థ చెరిసగం పంచుకోవాలి. దొంగ ఖాతా తెరిచిన బ్యాంకుకీ బాధ్యత ఉందని ఒప్పుకోవడం అది. దొంగలు అద్దెకు తీసుకునే ఖాతాలు మన బ్యాంకుల్లోనే తెరిచి ఉంటాయి కదా. బావకి ఇది చెప్పాను. "అది అక్కడ" అన్నాడు.

7. జరిగిపోతే, ఈ వరుస

ఏపీకే వేశారని తెలిస్తే ఫోన్ వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. ఫార్మాట్ తర్వాత చేయొచ్చు, ముందు స్క్రీన్‌షాట్లు కావాలి. ఇంకో ఫోన్ నుంచి 1930కి కాల్ చేయండి. ఖాతా నంబర్, ఎంత పోయింది, ఎన్ని గంటలకి, ఆ లావాదేవీకి ఇచ్చే 12 అంకెల యూటీఆర్ నంబర్ చేతిలో పెట్టుకోండి. దొంగ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకోదానికి, అక్కడినుంచి ఏటీఎంకి చేరేలోపు ఆ ఖాతాలో ఆపించడమే ఈ కాల్ పని. మొదటి గంట విలువ మూడో రోజుకి ఉండదు. మేం శుక్రవారం చేసేసరికి అవతలి ఖాతా ఖాళీ.

తర్వాత బ్యాంకు కస్టమర్ కేర్‌కి చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి, ఫిర్యాదు నంబర్, సమయం రాసుకోండి. "ఎప్పుడు చెప్పారు" అన్నదే రేపు డబ్బు లెక్క అవుతుంది కాబట్టి ఇది వదలొద్దు. బ్రాంచిలో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకుంటే ఇంకా మంచిది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పూర్తి చేయండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు, లాయరు అక్కర్లేదు. అవతలి ఖాతాలో డబ్బు ఆగి ఉంటే కోర్టు ఉత్తర్వుతోనో లోక్ అదాలత్ ద్వారానో వెనక్కి వస్తుంది. తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా ఇలా చాలామందికి ఇప్పించారు. "మీ డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అని కాల్ చేసేవాడు రెండో దొంగ.

1930 అని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి క్యాలెండర్ పక్కన గోడకి అంటించండి. ఫోన్‌లో సేవ్ చేసిన నంబర్ ఫోన్ ఆపేశాక పనికిరాదు. కింద పాస్‌బుక్ మీది బ్యాంకు నంబర్, ఆ కింద మీ నంబర్, ఆ వరుసలోనే. నాన్న మొదట నా నంబర్ పైన రాశారు, నేను కొట్టేశాను. నేను మీటింగ్‌లో ఉంటే ఆ గంట పోతుంది.

చివరగా మీ ఫోన్‌లో మీరు పెట్టుకోవాల్సింది ఒకటుంది: ఆ కీప్యాడ్ సిమ్ రీచార్జ్ రిమైండర్. మూడు నెలలు వాడకుండా వదిలేస్తే నంబర్ రద్దయి, కొన్నాళ్లకి ఇంకెవరికో ఇచ్చేస్తారు, బ్యాంకు మెసేజ్‌లు వాళ్లకి వెళ్తాయి. మొన్న నేనే మర్చిపోయాను. అమ్మ ఫోన్ చేసి గుర్తు చేసింది, తిట్టలేదు.